ఎంగిలి చుంగాణితో నరసాపురం దాకా

ఎంగిలి అనే మాట వింటేనే ఒళ్ళు జలదరించేవాళ్ళు ఈ కాగితాలు ఇక్కడే మడిచి పక్కన పెట్టవచ్చు. నాకేమీ నష్టం లేదు. చదవదలుచుకున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. సగం చదివి నాకు ప్రాయశ్చిత్తం చెప్పడానికి బయలుదేరవద్దు. చెప్పేవాళ్ళు మా వీధిలోనే కావలసినంతమంది ఉన్నారు.

నేను రాజమండ్రిలో వెండిపని చేసుకుని బతికేవాణ్ణి. గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులు కావడంతో ఊళ్ళో దొరలకు కొదవ లేదు. దొర అన్నాక చేతిలో పొగ తాగే గొట్టం ఉంటుంది. వాళ్ళు పైపు అంటారు, మనవాళ్ళు చుంగాణి అంటారు. దాని మెడకు వెండి కట్టు ఉంటుంది. ఆ కట్టు వదులైతే నా దగ్గరికి వచ్చేవి. మొదట కట్టు బిగించి పంపేవాణ్ణి, అంతే. తరవాత తరవాత పాతవాటి మీద మనసు పడింది. ఇంగ్లండులో నూరేళ్ళ కిందట చేసిన తెల్లమట్టి చుంగాణులు, సముద్రపు నురుగులాంటి రాయితో చెక్కినవి, మెరుగు పింగాణీవి. విరిగితే దొరలు పెంటకుప్ప మీద పారేస్తారు. నేను ఏరుకొచ్చేవాణ్ణి. మట్టివాటిని కుంపట్లో కాలిస్తే ఏళ్ళనాటి మసి పోయి తెల్లగా తేలతాయి. విరిగిన చోట లక్కలో ఇటుకపొడి కలిపి అతికి, పైన సన్నని వెండి కట్టు వేస్తాను. ఎనిమిదేళ్ళలో పదకొండు పోగయ్యాయి.

నన్ను పెంచిన మేనత్త వీరమ్మగారు వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. పశువుల కొట్టంలో ఒక గంప ఇచ్చింది. ఎప్పుడైనా జరపవలసి వస్తే పటకారుతో పట్టుకుని జరిపేది. "తెల్లోళ్ళ ఎంగిలి గొట్టాలు కాకపోతే, ఇంకేం దొరకలేదురా బ్రహ్మం నీకు?" అనేది.

అత్తయ్య సరదాగానే అనేది. మా కులపెద్ద, నాకు పెదనాన్న వరసైన రాఘవాచారిగారు మాత్రం సరదాగా అనలేదు. నలుగురిలో నిలబెట్టి అడిగారు.

"సూటిగా చెప్పు. ఎప్పుడైనా నోట్లో పెట్టుకున్నావా?"

"లేదండి. నా ఊదుగొట్టంతో ఊది చూస్తాను. మధ్యలో తడిగుడ్డ చుడతాను."

కుంపటి ఊదే గొట్టం మా వృత్తిలో ఎవరిది వారిదే. దాన్ని చుంగాణి కొనకు ఆనించి ఊదితే గాలి అటు కొసన బయటికి వస్తుంది. వచ్చిందంటే అతుకు మంచిదన్నమాట. ఎనిమిదేళ్ళూ నేను చేసిన పరీక్ష ఇదే.

"అయితే వచ్చే శుక్రవారం అమ్మవారి ముందు ఆ మాటే ప్రమాణం చెయ్యి. చేస్తే పంక్తిలో నీ ఆకు నీది. చేయకపోతే వీధరుగు మీద ఒక్కడివే తిందువుగాని."

నాకు కోపం వచ్చింది గాని భయం వేయలేదు. ఉన్నమాటే కదా, చేస్తాననుకున్నాను. ఈలోగా నరసాపురం వెళ్ళిరావాలి. అక్కడ బియ్యం, కొబ్బరినూనె ఎగుమతి చేసే దొర ఒకాయన ఉన్నాడు. పాత చుంగాణులు సేకరించడంలో నాకంటే పిచ్చివాడు. ఆయన తాత కుంపిణీ కొలువుకు వస్తూ ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పింగాణీ చుంగాణి విరిగితే నాకు ఇచ్చాడు. అది పాము ఆకారం. గొట్టం మూడు చుట్లు తిరిగి తోకదగ్గర నోటికి అందుతుంది. పడగ దగ్గర పొగాకు పెట్టే గిన్నె. ఒంటినిండా నీలం చుక్కలు, పసుపు చుక్కలు. రెండో చుట్టు దగ్గర రెండు ముక్కలైంది. దీన్ని బాగుచేయడం కుదరదని లండను పనివాడు ఉత్తరం రాశాడట. నేను బాగుచేస్తే తన దగ్గర మూలపడి ఉన్న ఏడు పాత విరిగిన చుంగాణుల పెట్టె నాకిస్తానన్నాడు. అతుకు కనిపించకూడదని దీనికి పైన వెండి కట్టు వేయలేదు. నాలుగు నెలలు పట్టింది. శనివారం పొద్దున అత్తయ్య దాన్ని పటకారుతో ఎత్తి, పత్తి పరిచిన పెట్టెలో పెట్టి ఇచ్చింది.

విజ్జేశ్వరం లాకులు

మార్గశిరం. చలి పూర్తిగా దిగలేదు. రేవులో పడవెక్కి గోదావరి దాటి విజ్జేశ్వరం చేరి, అక్కడ నరసాపురం వెళ్ళే కాలవ పడవ ఎక్కాను. లాకులు చూడనివాళ్ళ కోసం చెబుతాను. పడవ ఒక రాతి తొట్టిలోకి వెళుతుంది. వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల కింద నీళ్ళు వదులుతారు. మనం కదలకుండానే ఒడ్డు మనకంటే పైకి పోతుంది. పక్కనున్న కోమటిగారు కళ్ళు మూసుకుని శివా శివా అనుకుంటున్నారు. నేను మాత్రం తలుపు సందుల్లోంచి నీళ్ళు ఎలా పోతున్నాయో చూడాలని అంచుదాకా వంగాను. ఒడిలో ఉన్న మూట కాలవలోకి జారింది. అందులో అత్తయ్య కట్టిచ్చిన దిబ్బరొట్టె, సున్నుండలు, రెండు రోజుల అటుకులు ఉన్నాయి. చుంగాణి పెట్టె ఇంకో చేతిలో ఉంది కాబట్టి బతికింది.

"ములిగిపోయిందాన్ని ఎంత చూసినా పైకొస్తదా అండి? ఇవి తీసుకోండి ఆచారిగారూ," అని పక్కన పొగాకు కట్టల మీద కూర్చున్న రైతు తేగల కట్ట నా ముందు పెట్టాడు. పేరు సూరయ్య. లంకల్లో పొగాకు వేస్తాడు. సరుకు పాలకొల్లు తీసుకుపోతున్నాడు.

మేము పరాయివాళ్ళు వండినది తినం. ఇవి తంపటి వేసిన తేగలు. తొక్క ఒలుచుకుని తినేదానికి మైల ఏముంటుందని నాకు నేనే శాస్త్రం చెప్పుకుని, వరసగా ఆరు తిన్నాను. ఆకలి వేసినప్పుడు శాస్త్రం ఎంత తొందరగా గుర్తుకొస్తుందో గమనించాను.

సూరయ్య పెట్టె తెరిపించి చుంగాణిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకు ఎక్కడుందో చెప్పలేకపోయాడు. నేను మీసం దువ్వుకున్నాను.

"పని మా గొప్పగా ఉందండి. మరి పొగొస్తదో లేదో ఎలా తెలుసుద్దండి?"

"ఊది చూశాను. గాలి ధారగా పోతోంది."

"ఊదితే సరిపోద్దా అండి? తాగేవోడు పీలుస్తాడు కదండీ."

"పుట్టినప్పటి నుంచీ కుంపటి ఊదుతున్నాను. గాలి సంగతి నువ్వు నాకు చెప్పాలా సూరయ్యా?" అని నవ్వేశాను. అతనూ నవ్వి ఊరుకున్నాడు. దిగేటప్పుడు ఒక పొగాకు కట్ట నా చేతిలో పెట్టాడు. "దొరగారి గొట్టంలో మా లంకాకు వేయించండి. సీమ పొగాకు మళ్ళీ ముట్టుకుంటే నన్నడగండి," అన్నాడు. ఆ మనిషి మాట అప్పుడే చెవిన పెట్టి ఉంటే నాకు చాలా అవమానం తప్పేది.

పాలకొల్లు

కాలవ పొడుగునా తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగే మనుషులు ఇద్దరు. వాళ్ళు ఆగితే మనమూ ఆగుతాం. చుట్ట కాల్చుకోవడానికి ఆగుతారు, చుట్టాలు కనిపిస్తే ఆగుతారు. అలా ఆదివారం మధ్యాహ్నానికి పాలకొల్లు చేరాం. రాజమండ్రిలో అర్ధణా పెడితేగాని రాని కొబ్బరి బొండం ఇక్కడ కానీకి ఇచ్చారు. రెండు తాగాను.

సత్రానికి వెళితే వంటాయన గుమ్మంలోనే ఆపాడు.

"ఎవరండి మీరు?"

"విశ్వబ్రాహ్మణులం."

"అయితే ఆ చివర, బావి పక్కన కూర్చోండి. లోపలి పంక్తి అయ్యాక పెడతాం."

"నువ్వు బంగారు పళ్ళెంలో పెట్టినా నీ వంట నేను తినను. ఎక్కడ కూర్చోవాలో నాకు చెప్పనక్కర్లేదు," అని గట్టిగానే అన్నాను. బియ్యం, నెయ్యి కొనుక్కుని బావి పక్కనే మూడు ఇటుకలు పెట్టి వండుకున్నాను. వంటాయన కిటికీలోంచి ఉరిమి చూస్తుంటే ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను. అప్పటికి గెలిచాననే అనిపించింది. తిరిగి పడవెక్కాక మాత్రం ఒక్క సంగతి ముల్లులా గుచ్చింది. ఆయన నన్ను చూసిన చూపు, నేను తడిగుడ్డ చుట్టి చుంగాణిని పట్టుకునే తీరు ఒకటే. అప్పుడు దాన్ని ఎక్కువసేపు ఆలోచించకుండా పడుకున్నాను.

నరసాపురం, దొర బంగళా

నరసాపురంలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని చిన్న కొక్కెంతో దారం అల్లుతున్నారు. మిషను దొరసానులు నేర్పారట. మా వీధిలో ఆడవాళ్ళు మగవాళ్ళు చూసేలా పనిచేస్తే ఊరంతా చెప్పుకుంటారు. ఇక్కడ ఒకావిడ అల్లిక ఆపకుండానే దారి చెప్పింది. బంగళా గోదావరి ఒడ్డున ఉంది. హాల్లో గోడంతా చుంగాణులే. ఒక్కొక్కటి చెక్క కొక్కేనికి వేలాడుతోంది.

దొర ఈ దేశంలో ముప్పై ఏళ్ళ నుంచీ ఉన్నవాడు. తెలుగు బాగా మాట్లాడతాడు. పాము చుంగాణిని కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దంతో చూసి, "అతుకు ఎక్కడ బ్రహ్మం?" అన్నాడు. చూపించాను. గోరుతో గీకి చూసి, తల ఊపాడు. "లండను వాడికి ఇవాళే ఉత్తరం రాస్తాను," అన్నాడు. ఆ మాటకు నా ఎత్తు జానెడు పెరిగింది.

తరవాత గిన్నెలో పొగాకు దట్టించి, అగ్గిపుల్ల గీసి, పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. పొగ రాలేదు. ఇంకో పుల్ల గీశాడు. ముఖం ఎర్రబడింది గాని పొగాకు ఎర్రబడలేదు.

"పూడిపోయింది ఇది."

"అదేం లేదండి," అని నా ఊదుగొట్టం తీసి, తడిగుడ్డ చుట్టి, తోకకు ఆనించి బలంగా ఊదాను. గిన్నెలోని పొగాకంతా లేచి దొర తెల్లచొక్కా మీద, మీసాల మీద పడింది. "చూశారా అండి! గాలి పోతోంది!"

ఆయన మీసాలు దులుపుకుని, నెమ్మదిగా అన్నాడు. "నేను ఊదడానికి ఇవ్వలేదు నీకు. మీవాళ్ళకు పైన మెరుగు పెట్టడం వచ్చు. లోపలి పని రాదు. తెలిసీ ఇచ్చాను, నాదే తప్పు."

నన్ను తిట్టి ఉంటే భరించేవాణ్ణి. మావాళ్ళందరినీ కలిపి అన్నాడు. మా తాతలు గుళ్ళకు కవచాలు చేసినవాళ్ళు. "రేపు పొద్దున దాకా గడువివ్వండి. పొగ రాకపోతే మళ్ళీ మీ గుమ్మం ఎక్కను," అన్నాను.

"ఎల్లుండి కాకినాడ పొగ ఓడ ఎక్కుతున్నాను. పనికిరానివన్నీ గోదాట్లో వేసిపోతాను. రేపు దీంట్లో పొగ వస్తే ఆ పెట్టె నీది."

అంటూ మూలనున్న పెట్టెను కాలితో చూపించాడు. మూత సందులోంచి ఒక తెల్లమట్టి గొట్టం, దాని మీద ద్రాక్షతీగ చెక్కడం కనిపించాయి. అలాంటిది నేను అప్పటివరకూ చూడలేదు.

మాధవాయిపాలెం రేవు

కోపం వస్తే నేను నడుస్తాను. గట్టు వెంబడి అలా నడిచి మాధవాయిపాలెం చేరాను. ఒకప్పుడు ఇక్కడే కుంపిణీవాళ్ళ గిడ్డంగులు ఉండేవి. గోదావరి కోసుకుపోగా ఇప్పుడు ఇటుకలు మాత్రం ఒడ్డున తేలుతుంటాయి. రేవు పక్కన ఒక గుడిసె ముందు ముసలావిడ వల బాగుచేసుకుంటోంది. నోట్లో అడ్డపొగ. అంటే నిప్పున్న కొస లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం. మా ఊళ్ళోనూ చూశాను గాని, అలా పెట్టుకునే మాట్లాడగలిగినవాళ్ళను చూడలేదు.

నేను ఆగింది చుట్ట చూసి కాదు, వల చూసి. వల అంచుకు బరువు కోసం మట్టిగుళ్ళు కడతారు కదా. ఈ వలకు మట్టిగుళ్ళ మధ్య పొట్టి తెల్ల గొట్టాలు గుచ్చి ఉన్నాయి. వందో, రెండు వందలో. నూరేళ్ళనాటి ఇంగ్లండు చుంగాణుల కాడలు.

"ఇవి ఎక్కడివమ్మా?"

"ఒడ్డు ఇరిగినప్పుడల్లా బయటడతాయి బాబూ. దేవుడే కన్నాలెట్టి ఇచ్చేడు. గుచ్చుకోడవే పని." తన పేరు పోలమ్మ అంది. నా చేతిలో పెట్టె చూసింది. "ఏంటది?"

చూపించాను. ఎందుకో మొత్తం చెప్పేశాను. దొర అన్న మాట కూడా చెప్పాను. ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి పక్కన పెట్టి, చెయ్యి చాచింది. ఇవ్వాలా వద్దా అని నేను ఆలోచించేలోపే తోక నోట్లో పెట్టుకుని పీల్చింది.

"రావట్లేదు. లోపల టిక్కుమని ఏదో పడతంది." మళ్ళీ పీల్చింది. తరవాత ఊదింది. "ఊదితే పోతంది. నీ గొట్టం మా మావు లాగున్నాది బాబూ."

గుడిసె పక్కనున్న వెదురు బుట్టను లాగి చూపించింది. దాన్నే వాళ్ళు మావు అంటారు. మూతి దగ్గర సన్నని వెదురు పుల్లలు లోపలివైపు వాల్చి ఉంటాయి. చేప తోసుకుని లోపలికి పోతుంది. తిరిగి రావాలంటే పుల్లలు అడ్డుపడతాయి.

అప్పుడు నాకు వెలిగింది. అతుకు దగ్గర లోపల కాగితం కంటే పల్చని వెండి రేకు గొట్టంలా చుట్టి పెట్టాను. దాని అంచు ఎక్కడో లేచి ఉంటుంది. నేను ఊదినప్పుడు గాలి దాన్ని గోడకు అణచి పెడుతుంది. పీల్చినప్పుడు అదే అంచు లేచి దారి మూసేస్తుంది. నాలుగు నెలలు రోజూ ఊదాను. ఒక్కసారి పీల్చి ఉంటే తెలిసేది.

"నువ్వూ పీల్చి సూడు. నేను సెప్తే నీకేం తెలుస్తాది? సేతిపని నీది."

నేను కదల్లేదు. శుక్రవారం కళ్ళముందు ఆడింది. అమ్మవారి గుడి, పెదనాన్న, వీధరుగు మీద ఒంటరి ఆకు.

"నా నోరు తగిలిందనా?" అంది. కోపంగా అనలేదు. అని, నా జవాబు కోసం చూడకుండా వల మీదికి వంగింది. పాలకొల్లు వంటాయన నన్ను చివరికి పొమ్మన్నప్పుడు నేను అరిచాను. ఈవిడ అరవను కూడా లేదు. ఆ సిగ్గు భరించలేకపోయాను.

తుడవకుండా నోట్లో పెట్టుకుని పీల్చాను.

టిక్. రేకు పడిన చప్పుడు నాలుకకు తెలిసింది. చెవికి కాదు, నాలుకకే. ఎనిమిదేళ్ళుగా నేను గుడ్డిగా పనిచేశాను. దొరలకు బాగుచేసి పంపిన వాటిలో ఎన్ని ఇలా పూడిపోయి గోడలకు వేలాడుతున్నాయో! దొర అన్న మాట నిజమే. కాని మావాళ్ళకు లోపలి పని రాక కాదు. నేను నా నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

ఆవిడ పొయ్యిలో నిప్పులు అడిగి తీసుకుని, విరిగిన చుట్టు దగ్గర గొట్టాన్ని సెగకు చూపించి లక్క కరిగించి, అతుకు విప్పాను. రేకు అంచు గోరంత మేర లేచి ఉంది. పెరికి పారేశాను. దాని బదులు ఏం పెట్టాలని చూస్తుంటే, పోలమ్మ చూరులోంచి కొంగ ఈక తీసి ఇచ్చింది. ఈక కాడ పల్చగా, గట్టిగా, అతుకు లేకుండా గుండ్రంగా ఉంది. అంగుళం ముక్క కోసి, లోపల కూర్చి, మళ్ళీ లక్క పోశాను. చల్లారేదాకా ఖాళీగా ఉండలేక ఆవిడ ముక్కుపుడకకు ఊడిన మర బిగించి పెట్టాను. ఎన్నాళ్ళ నుంచో దారంతో కట్టుకుని తిరుగుతోందట.

పీల్చాను. గాలి హాయిగా వచ్చింది. సూరయ్య ఇచ్చిన లంకాకు నలిపి, గిన్నెలో పెట్టి, నిప్పుతో వెలిగించి మళ్ళీ పీల్చాను. కళ్ళంట నీళ్ళు, ముక్కంట నీళ్ళు. దగ్గీ దగ్గీ కూలబడ్డాను.

"ఊదడానికి పుట్టినోడివి," అని పోలమ్మ పడీ పడీ నవ్వింది. తరవాత తను పుచ్చుకుని నింపాదిగా నాలుగు దమ్ములు లాగి, "మంచిగున్నాది. నిప్పు బైట ఉంటే రుచేం తెలుస్తాదిలే," అని ఒప్పుకోనట్టే ఒప్పుకుంది. వచ్చేటప్పుడు వల నుంచి నాలుగు తెల్ల కాడలు తెంపి నా చేతిలో పెట్టి, ఆ ఖాళీల్లో మట్టిగుళ్ళు కట్టుకుంది.

మళ్ళీ బంగళాలో

మర్నాడు పొద్దున దొర ఎదుట నేనే పొగాకు దట్టించి ఇచ్చాను. ఆయన నోటిదాకా తీసుకుని ఆగాడు. వాసన చూశాడు.

"ఇందులో నాటు పొగాకు తాగారు."

"అవునండి. పొగ వస్తోందో లేదో చూడాలి కదండీ."

"ఎవరు తాగారు?"

ఎవరూ తాగలేదని అనవచ్చు. సెగ చూపించేటప్పుడు పట్టిన వాసన అనవచ్చు. పెట్టె అక్కడే ఉంది, ద్రాక్షతీగ గొట్టం కనిపిస్తూనే ఉంది.

"ముందు ఒక బెస్త ముసలావిడ. తప్పు ఎక్కడుందో కనిపెట్టింది ఆవిడే. తరవాత నేను."

దొర చుంగాణిని బల్లమీద పెట్టాడు. రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ విడిగా. "మరిగే నీళ్ళలో కడిగించాలి దీన్ని," అన్నాడు.

"కడిగితే లక్క కరుగుతుందండి. అతుకు ఊడుతుంది."

"అయితే నేను దీన్ని నోట్లో పెట్టుకోలేను. నీకు తెలియాలి ఆ సంగతి."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఈయనలాంటివాళ్ళ ఎంగిలి అనే నేను ఎనిమిదేళ్ళు తడిగుడ్డలు చుట్టాను. ఈయన ఎంగిలికి భయపడి మా పెదనాన్న నన్ను గుడి మెట్లెక్కిస్తున్నాడు. ఈయనేమో నా ఎంగిలికి రుమాలు తీస్తున్నాడు. ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెడితే చక్కగా కుదురుతారు.

"దొరగారూ, మీరన్నది పొగ రావాలని. చూడండి." బల్లమీది చుంగాణి తీసుకుని, ఆయన అగ్గిపెట్టెతోనే వెలిగించి, ఆయన హాల్లో, ఆయన తాతల చుంగాణుల ముందు నిలబడి పీల్చాను. దగ్గు వచ్చింది, మింగేశాను. పొగ నిండుగా వచ్చింది. రెండోసారీ పీల్చాను.

ఆయన ముఖం ముందు తెల్లగా, తరవాత ఎర్రగా అయింది. "తీసుకుపో దాన్ని. నాకొద్దు. పెట్టె మాత్రం ఇవ్వను. మాట ప్రకారం నువ్వు నాకు తాగడానికి పనికొచ్చే పైపు తేలేదు."

"ఇది తాగడానికి పనికొస్తోందండి. మీరే పనికిరావడం లేదు," అని, దండం పెట్టి, చుంగాణి చేత్తో పట్టుకునే మెట్లు దిగాను. ఆ ఏడింటి కోసం మనసు పీకలేదంటే అబద్ధం. నరసాపురం రేవు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ద్రాక్షతీగ చెక్కిన గొట్టం ఇప్పటికీ కలలోకి వస్తుంది.

రాజమండ్రి

గురువారానికి ఇల్లు చేరాను. శుక్రవారం పొద్దున గుడి దగ్గర పదిహేనుమంది ఉన్నారు. పెదనాన్న నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నారు. "లేదు అని ఒక్క మాట అనరా. ఎవరూ తవ్వి చూడరు. మీ నాన్న లేడని నీ గురించి నాకు బాధ." ఆయన మనసు మంచిదే. అందుకే ఆ మాట తోసెయ్యడం దొర ముందు పొగ తాగినంత తేలిక కాలేదు.

వెళ్ళి అమ్మవారి ఎదురుగా నిలబడ్డాను. "వారం కిందట ఈ ప్రమాణం అడిగి ఉంటే లేదనేవాణ్ణి. ఇప్పుడు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నోట్లో పెట్టుకున్నాను. నాకంటే ముందు దొర నోరు, ఒక బెస్తావిడ నోరు తగిలాయి. నేను తుడవలేదు. ఇకముందు కూడా పీల్చి చూడందే ఏ చుంగాణీ బాగుచేసి ఇవ్వను."

ఎవరూ అరవలేదు. ఒకరి తరవాత ఒకరు ఉత్తరీయాలు సర్దుకుని వెళ్ళిపోయారు. పెదనాన్న చివర వెళ్ళారు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్యకు కబురు చేరిపోయింది. వీధరుగు కడిగి, ఒకే ఒక ఆకు వేసి ఉంది. నేను కూర్చున్నాను. అన్నం, ముద్దపప్పు వడ్డించి, గుమ్మంలోనే నిలబడింది. ఏడ్చిన కళ్ళు. తిడుతుందనుకున్నాను. నేను తినడం అయ్యేదాకా ఆగి అడిగింది.

"ఇంతకీ పొగ వస్తోందా దాంట్లో?"

"వస్తోంది అత్తయ్యా."

"దొర ఏమన్నాడు?"

"తనకొద్దన్నాడు."

అత్తయ్య ముక్కు చీదింది. అరుగు మీద నా పక్కనే ఉన్న పెట్టె మూత తీసి చూసింది. పటకారు వంటింట్లో ఉంది. లోపలికి వెళ్ళి తెస్తుందనుకుని పక్కకు జరిగాను.

"నాలుగు నెలలు చేసి, పనిచేసేదాన్ని పశువుల దగ్గర పెడతారా ఎవరైనా," అంటూ వంగి, పాము చుంగాణిని చేత్తోనే తీసుకుని, లోపలికి వెళ్ళి, నా ఊదుగొట్టం పెట్టుకునే గూట్లో, దాని పక్కన పెట్టింది.